‘దేవుడున్నాడు’ అనుకుని లేచి వచ్చేసిన రోజు

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱిన దైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్య శుభదాయక మయ్యును దైవ ముండెడున్

బడిలో అప్పజెప్పిన పద్యమే. ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లిన కృష్ణుడి చేత కౌరవసభలో తిక్కన పలికించినది. చాలాకాలం ఇది దుర్యోధనుడికి పెట్టిన చురక అనుకున్నాను. కాదు. తప్పు చేసేవాడి వంతుకు ఇందులో వచ్చినవి ‘పాపము’, ‘బొంకు’ అన్న రెండు మాటలే. పద్యం నిలదీస్తున్నది దక్షులను, అంటే ఆపగల సత్తా ఉండీ ఊరుకున్నవాళ్లను. భీష్మద్రోణులు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. పేరు పెట్టలేదు, ‘ఎవ్వారలు’ అన్నాడు. ఎవరి భుజాలు వారు తడుముకోవలసిందే.

‘పారము’ అంటే అవతలి ఒడ్డు. ధర్మం ఈదలేక మునిగిపోతోంది. ఈత వచ్చినవాళ్లు గట్టున నిలబడి చూస్తున్నారు.

మంచిచెడ్డలు ఎంచే కాలం పోయిందని తరచుగా వింటున్నాం. ‘ఎవరిష్టం వారిది, మనమెవరం చెప్పడానికి?’ నిజానికి ఎంచడం మానింది ఎక్కడ? పక్కింటి అమ్మాయి ఎన్నింటికి ఇల్లు చేరిందో, ఎవరిని పెళ్లాడిందో ఎంచుతూనే ఉన్నాం. నోరు విప్పితే మనకు నష్టం వచ్చే చోట మాత్రం ఎక్కడలేని ఉదారత పుట్టుకొస్తుంది.

నా సంగతే చెబుతాను. మా అపార్ట్‌మెంటు సమావేశంలో, మోటారు గదిలోని రాగితీగ చుట్ట పోయిందని అందరూ వాచ్‌మన్ మీద పడ్డారు. ముందురోజు మరమ్మతుకు వచ్చిన మనిషి దాన్ని సంచిలో వేసుకోవడం నేను చూశాను. అతన్ని పిలిపించింది సంఘంలోని పెద్దమనిషి. అందుకని ఫోను చూసుకుంటూ కూర్చున్నాను. వాచ్‌మన్ భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. ‘పోనీలే, దేవుడున్నాడు, ఆయనే చూసుకుంటాడు’ అనుకుని లేచి వచ్చేశాను. మర్నాడు గేటు ముందు ముగ్గు లేదు.

‘దైవ ముండెడున్’ అని తిక్కన కూడా అన్నాడు కదా! అన్నాడు, కాని నాలుగో పాదం చివర. దానికి ముందే ‘అది వారల చేటగు’ అని తేల్చేశాడు. ధర్మాన్ని ఒడ్డుకు చేర్చడానికి దేవుడికి నా సాయం అక్కరలేదు, చేటు నాకు. ఆ రెండింటి మధ్యనున్న ‘కాని’ని ఇన్నేళ్లూ పాదం నింపడానికి వేసిన మాటలా దాటేశాను.

ఇప్పుడు పూజ దగ్గర ఈ పద్యం చదివితే మూడో పాదంలో నాలుక తడబడుతోంది. వాచ్‌మన్ నంబరు ఇంకా ఫోనులో ఉంది. రెండుసార్లు తీసి చూశాను. అయితే నేను ముందు మాట్లాడవలసింది అతనితో కాదు. ఈ ఆదివారం మళ్లీ సమావేశం ఉంది.