పిడికిట్లో తడి

మా ఊళ్ళో కొబ్బరికాయ అంటే గుడిలో కొట్టేది, శుభకార్యానికి కొనుక్కొచ్చేది. కొబ్బరి చెట్టు ఎవరి పెరట్లోనూ లేదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో పుట్టినవాళ్ళకు పత్తి తెలుసు, కంది తెలుసు, బత్తాయి తెలుసు. అలాంటి నేను 2017 నుంచి యూఏఈలోని అల్ ఐన్ దగ్గర ఒక నర్సరీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొబ్బరి పొట్టులోనే చేతులు పెట్టి బతుకుతున్నాను. కోకోపీట్ అనేది దీన్నే.

మొదటి రోజు నా ముందు పెట్టింది ఇటుకలా గట్టిగా ఉన్న ఐదు కిలోల దిమ్మ. కవరు మీద తమిళనాడు, పొల్లాచి అని అడ్రసు. తొట్టిలో పెట్టి నీళ్ళు పోస్తే చిన్నగా చిటపటమని చప్పుడు చేస్తూ ఉబ్బడం మొదలుపెట్టింది. గంట తర్వాత తొట్టి నిండిపోయింది. ఒక్క దిమ్మ నుంచి 65, 70 లీటర్ల పొట్టు వస్తుంది. చేత్తో తీస్తే మెత్తగా, తేలిగ్గా, తడిసిన గోనె వాసన. మట్టి కాదు. కానీ మట్టి అనుకునే నేను దాంట్లో పని మొదలుపెట్టాను, అక్కడే దెబ్బతిన్నాను.

2015, 2016 కరువులో మా బత్తాయి తోట ఎండిపోయింది. నాన్న ఒకదాని తర్వాత ఒకటి నాలుగు బోర్లు వేయించాడు, అప్పు మిగిలింది. వీసాకు ఇంకో అప్పు చేసి నేను విమానం ఎక్కాను. చదువు ఇంటర్‌తో ఆగింది. నాకు వచ్చిన పని ఒక్కటే, చెట్టుకు నీళ్ళు పెట్టడం. అదొక్కటి నాకు బాగా వచ్చునని గట్టి నమ్మకం.

మా నర్సరీలో పెంచేవి ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పెట్టుకునే మొక్కలు. మనీ ప్లాంటు, స్పైడర్ ప్లాంటు, డ్రసీనా, పీస్ లిల్లీ. కొమ్మ ముక్కలు, పిలకలు ట్రేలో వేళ్ళు పట్టాక చిన్న కుండీల్లోకి మారుస్తాం. వచ్చిన రెండో నెలలో ఒక బెంచీ మొత్తం మనీ ప్లాంటు నాకు అప్పగించారు. లేత మొక్క, ఎరువు వేడి చేస్తుంది, కొన్నాళ్ళు ఉత్త నీళ్ళే పోద్దామనుకున్నాను. మా ఊళ్ళో నారుకు చేసేది అదే కదా. పది రోజులు నీళ్ళ ప్లాంటులో శుద్ధి చేసిన మంచి నీళ్ళు మాత్రమే పోశాను. కొత్త ఆకులు ముడుచుకుని, పాలిపోయి, అంచుల్లో గోధుమ రంగు మచ్చలతో వచ్చాయి. పాత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపు తిరిగింది. ఆ పసుపును నేను గుర్తుపట్టాను. మెగ్నీషియం తక్కువైన బత్తాయి ముదురాకు కూడా కొంచెం ఇలాగే పసుపు తిరుగుతుంది. కానీ మంచి నీళ్ళు పోసినందుకు ఇలా అవుతుందని ఊహించలేదు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపట్టలేదు. పంపించేస్తే అప్పు ఎలా తీరుతుంది?

మా ఫోర్‌మన్ కేరళలోని పాలక్కాడ్ నుంచి వచ్చిన పెద్దాయన. అందరం చేట్టన్ అంటాం, మలయాళంలో అన్న అని. ఆయన తిట్టలేదు. ఒక కుండీని బోర్లించి, పొట్టు ముద్దను అరచేతిలో పెట్టుకుని, ‘ఇది మట్టి కాదు మోనే (కొడుకా), దీనికీ ఆకలి ఉంది’ అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

కొబ్బరి పొట్టుకు ఉప్పులను పట్టుకునే గుణం ఉంది. పుట్టుకతోనే దాన్ని పొటాషియం, సోడియం అంటిపెట్టుకుని ఉంటాయి. పీచు తీయడానికి కాయ డొక్కలను ఉప్పు నీటి కాలువల్లో నానబెడితే సోడియం ఇంకా ఎక్కుతుంది. కాల్షియం, మెగ్నీషియం తగలగానే పొట్టు వాటిని గట్టిగా పట్టుకుని పాతవాటిని వదులుతుంది. అంటే మొక్క కోసం మనం పోసిన కాల్షియంను ముందు పొట్టే తినేస్తుంది. అందుకే మంచి పొట్టును కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్ళలో నానబెట్టి, ఆ ఆకలి తీర్చాకే మొక్క పెడతారు. అంత చేసినా ఉత్త నీళ్ళు పోస్తే లేత మొక్కకు చాలదు. శుద్ధి చేసిన నీళ్ళలో సొంతంగా కాల్షియం దాదాపు ఉండదు, పొట్టులో తిండి ఉండదు. నేను పది రోజులు ఆ మొక్కలను పస్తులు ఉంచాను.

ఇప్పుడు నా పద్ధతి వేరు. లేత మొక్కకు ప్రతి తడిలోనూ కొంచెం తిండి కలిపే పోస్తాను, పలచగా. కొత్తగా కుండీలో పెట్టినప్పుడు, నీళ్ళలో ఉప్పులు ఎంతున్నాయో చూపే ఈసీ మీటరులో 0.6 నుంచి 0.8, వేళ్ళు కుండీ అంచు తాకాక 1.0 నుంచి 1.2. పీహెచ్ 6కు అటూ ఇటూ. కాల్షియం నైట్రేట్‌ది ఒక ట్యాంకు, మెగ్నీషియం సల్ఫేటు, ఫాస్ఫేటులది ఇంకో ట్యాంకు. చిక్కటి మందుగా ఉన్నప్పుడు రెండూ కలిపితే అడుగున తెల్లగా సున్నంలా పేరుకుని డ్రిప్ మూసుకుపోతుంది.

ఎంత పోయాలన్నది మీటరు చెప్పదు. దానికి చెయ్యే కావాలి. పొట్టు పైన ఎండి లేత గోధుమ రంగులోకి వస్తుంది, అడుగున మాత్రం తడి అలాగే ఉంటుంది. పైరంగు చూసి పోసినవాళ్ళు చిన్న వేళ్ళను ముంచేస్తారు, పైన ఎప్పుడూ తడిగా ఉంటే సన్న దోమల్లాంటి పురుగులు గుడ్లు పెడతాయి. అలాగని పూర్తిగా ఎండనివ్వకూడదు. నీరు ఆవిరై పోతుంది కానీ ఉప్పులు పోవు, చిక్కబడి లేత వేరు కొసలను కాలుస్తాయి. అందుకని నేను కుండీని ఎత్తి చూస్తాను. నిండుగా తడిపిన కుండీ బరువు ఒకసారి చేతికి తెలిస్తే, దాంట్లో సగానికి దిగింది ఎప్పుడో చెయ్యే చెబుతుంది. అనుమానం వస్తే అదే బెంచీ మీది మొక్క లేని కుండీలోంచి చిటికెడు కాదు, గుప్పెడు పొట్టు తీసి పిడికిట్లో పిండుతాను. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు నిలిస్తే సరిపోయింది. కారితే ఎక్కువ. ముద్ద నిలవకుండా విడిపోతే ఆలస్యం చేశానన్నమాట.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం పనికిరాదు. చిన్న కుండీకి టీ గ్లాసుడు నీళ్ళు నెమ్మదిగా చుట్టూ పోస్తే అందులో పదో వంతు, ఐదో వంతు అడుగునుంచి కారాలి. మొదట్లో ఆ కారిన నీళ్ళు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. బిందెడు నీళ్ళ కోసం అమ్మ ట్యాంకర్ దగ్గర నిలబడ్డ ఊరి నుంచి వచ్చినవాణ్ణి, నీళ్ళు వృథా అవుతున్నట్టే అనిపించేది. కానీ ఆ కారే నీళ్ళే పాత ఉప్పును కడిగి తీసుకుపోతాయి. దాన్ని గిన్నెలో పట్టి మీటరు ముంచితే, పోసినదానికన్నా అర పాయింటు ఎక్కువ చూపిస్తే లోపల ఉప్పు పేరుకుంటోందని అర్థం. అప్పుడు పలచటి తిండి నీళ్ళతోనే ఇంకాస్త ఎక్కువ పోసి కడుగుతాం.

2022లో మా అక్క చండూరు నుంచి ఫోన్ చేసింది. వరండాలో స్పైడర్ ప్లాంటు, డ్రసీనా పెట్టుకుంది. ‘తమ్మీ, నువ్వు చెప్పినట్టే కోకోపీట్ తెచ్చిన. ఆకుల కొసలన్నీ మాడిపోతున్నయ్‌రా. నీళ్ళు తక్కువైనట్టా, ఎక్కువైనట్టా?’ అని ఫొటోలు పంపింది. కొసలు గోధుమ రంగుగా, కత్తిరించినట్టు గీత గీసి మాడాయి. ఏ నీళ్ళు పోస్తున్నావని అడిగాను. ‘తాగేదానికి భగీరథ నల్లా ఉన్నది గదా. చెట్లకు బోరు నీళ్ళే’ అంది.

ఆ మాట విని కాసేపు మాట్లాడలేకపోయాను. స్పైడర్ ప్లాంటుకు, డ్రసీనాకు ఫ్లోరైడ్ పడదు. నర్సరీల్లో ఇది మొదట నేర్పే సంగతి. ఫ్లోరైడ్ నీళ్ళతోపాటు ఆకులోకి ఎక్కుతుంది, కొసల దగ్గర నీరు ఆవిరైపోతుంది, అది మాత్రం అక్కడే పోగుపడుతుంది. వెనక్కి రాదు.

నా పళ్ళ మీద గోధుమ రంగు గీతలున్నాయి. క్యాంపులో కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ గుట్కా తింటావా అని అడుగుతారు. నేను ఏనాడూ తినలేదు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నారాయణపురం వైపు ఊళ్ళలో చాలా బోర్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటి ఫ్లోరైడ్ ఉంది. మేం చిన్నప్పుడు అవే నీళ్ళు తాగాం, అదే నీళ్ళతో వండుకున్నాం. అమ్మ నడుము నలభై ఏళ్ళకే వంగింది. మెడ తిప్పి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. 1970లలో నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారు చేసి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. నీళ్ళ చదువు చదివినవాళ్ళకు మా జిల్లా పేరు అలా తెలుసు. ఇంటింటికీ కృష్ణ నీళ్ళు వచ్చాక ఇప్పటి పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి, అది చూసినప్పుడల్లా కడుపు నిండినట్టుంటుంది. కానీ వరండాలో ఉన్న ఆ రెండు మొక్కలు మాత్రం మేం తాగిన నీళ్ళే తాగుతున్నాయి.

2023 ఆగస్టులో సెలవు దొరికింది. బ్యాగులో ఈసీ మీటరు పెట్టుకుని పోయాను. అక్క బోరు నీళ్ళలో ముంచితే 1.4 చూపింది. మొత్తం ఉప్పు ఎంతో అది చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. నీళ్ళను సీసాలో పట్టి నల్లగొండలో పరీక్షకు ఇచ్చాను. లీటరుకు 4 మిల్లీగ్రాములు దాటింది. మా రాతి నేలలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కూర్చోబెడుతుంది. అంటే అటు పొట్టు కాల్షియం తినేస్తుంటే, ఇటు నీళ్ళు సోడియం మోసుకొస్తున్నాయి. రెండు వైపుల నుంచీ మొక్కకు దెబ్బే.

అక్క నీళ్ళు కాచి చల్లార్చి పోస్తానంది. వద్దన్నాను, కాస్తే నీరు తగ్గుతుంది, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బావ కుండీల్లో అప్పుడప్పుడు పొలంలో మిగిలిన సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేస్తున్నాడట. అది తయారయ్యే రాతిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. అదీ మాన్పించాను. కోకోపీట్ మొత్తం బయటికి తీసి, మేడ మీది గొట్టం కింద పెట్టిన డ్రమ్ములోని వాన నీళ్ళతో నాలుగు సార్లు కడిగాం. మొదటి నీళ్ళు చిక్కటి డికాక్షన్‌లా, నాలుగోసారికి పలచటి టీలా దిగాయి. ఎరువుల కొట్లో కాల్షియం నైట్రేట్ తెచ్చి, నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టాం, పొద్దున వార్చి మళ్ళీ కడిగాం. వారానికి ఒక తడి లీటరుకు అర గ్రాము కాల్షియం నైట్రేట్‌తో, తర్వాతి తడి అర గ్రాము 19:19:19 ఎరువుతో (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), నెలకోసారి చిటికెడు మెగ్నీషియం సల్ఫేటు. రెండు మందులూ ఒక్కసారి కలపొద్దని డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టాను. ఈ మొక్కలకు పీహెచ్ 6.5 దగ్గర ఉంటే మంచిది, ఫ్లోరైడ్ వేళ్ళకు తక్కువ అందుతుంది. మాడిన కొస మళ్ళీ పచ్చబడదు, కొత్త ఆకును చూసుకో అని చెప్పాను.

అమ్మ మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. పటిక బిళ్ళలు వేసి నీళ్ళు తేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయేమో, ‘చెట్టుకు గింత చేస్తున్నరా బిడ్డా’ అంది. నాకు ఏం జవాబు చెప్పాలో తెలియక, ఖాళీ కుండీని తడిపిన పొట్టుతో నింపి ఆమె చేతిలో పెట్టాను. ‘బరువు చూడమ్మా’ అన్నాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కిందికి దించలేదు.

ఇప్పుడు వారానికోసారి వీడియో కాల్. ఇక్కడ రాత్రి ఏడున్నర అయితే అక్కడ తొమ్మిది. నేను క్యాంపులో చపాతీ పిండి కలుపుతుంటే అక్క ఫోను గోడకు ఆనించి వరండాలో లైటు వేస్తుంది. మొన్న స్పైడర్ ప్లాంటు కొత్త పిలక వేసింది, ఆకు కొస దాకా పచ్చగా ఉంది. అక్క కుండీని అమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అమ్మ దాన్ని ఎత్తి చూసి, నా వైపు తిరగడానికి మనిషి మొత్తం తిరిగి, ‘తేలికైంది బిడ్డా, పొయ్యమనాల్నా?’ అని అడిగింది.

‘పొయ్యమనమ్మా. వాన నీళ్ళే.’