తెల్లబడ్డ తెర

"ఏమ్మా, తెర మళ్ళీ తెల్లగా అయిపోయిందే!" అని నాన్న హాల్లోంచి పిలిచారు. అప్‌డేట్ పడినప్పట్నుంచి ఇదే తలనొప్పి. ఆయనకి రాత్రిపూట ఆ తెల్ల వెలుగు కళ్ళలో గుచ్చుకుంటుంది. అందుకే చీకటి పడగానే రంగులు తిరగబడేలా, అంటే తెలుపు నలుపయ్యేలా, ఆయన మాక్‌లో (ఆపిల్ కంప్యూటర్‌లో) ఒక స్క్రిప్ట్ పెట్టాను. మన బదులు సెట్టింగ్స్‌లో బటన్ నొక్కే చిన్న ప్రోగ్రామ్ అది. ఆ పాత మెషీన్‌కి ఇప్పుడు అప్‌డేట్ పడింది, స్క్రిప్ట్ మొరాయించింది.

2022లో మాక్ సాఫ్ట్‌వేర్ వెంచురా వెర్షన్‌తో, సెట్టింగులుండే సిస్టమ్ ప్రిఫరెన్సెస్ పోయి సిస్టమ్ సెట్టింగ్స్ వచ్చింది. లోపలి అమరికంతా వేరు. ఆపిల్‌స్క్రిప్ట్ అనే భాషలో రాసిన నా స్క్రిప్ట్‌కేమో ఈ గ్రూపులో ఆ గ్రూపు, అందులో మొదటి చెక్‌బాక్స్ అని దారి చెప్పి ఉంచాను. దారి మారితే బటన్ ఎదురుగా ఉన్నా దానికి కనబడదు. సరే, దారి సరిచేశాను. స్క్రిప్టులు రాసుకునే స్క్రిప్ట్ ఎడిటర్ యాప్‌లో నడిచింది, కమాండ్లు టైప్ చేసే టర్మినల్ యాప్‌లో నడవలేదు! అనుమతి ఇవ్వాల్సింది స్క్రిప్ట్‌కి కాదట, దాన్ని నడిపే యాప్‌కి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్ళి, యాక్సెసిబిలిటీ జాబితాలో టర్మినల్‌ని ఆన్ చేశాక గానీ కదల్లేదు.

ఇంత చాదస్తం ఎందుకని విసుక్కున్నాను. అన్నం తింటూ ఆలోచిస్తే ఆ విసుగు పోయింది. మన బదులు బటన్లు నొక్కే ప్రోగ్రామ్‌ని ఎవరో ఒకరు ఆపి అడగాల్సిందే. నా కోపమంతా ఇప్పుడు ఇంకోదాని మీద. చెక్‌బాక్స్ పేరేంటని స్క్రిప్ట్‌తో అడిగిస్తే 'మిస్సింగ్ వాల్యూ' అని వచ్చింది. పేరే లేదు! స్క్రిప్టులు వాడే ఈ దారి అసలు తెర మీదున్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ లాంటి వాటి కోసం వేసింది. బటన్‌కి పేరు లేకపోతే చూపు లేనివాళ్ళకి ఏం చదివి వినిపిస్తుంది?

చిన్నప్పుడు ఆదివారాలు నాన్న నన్ను ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకి తీసుకెళ్ళేవారు. ఒకసారి ఇత్తడి పిడి ఉన్న భూతద్దం కొన్నారు. కొనేముందు అక్కడే గొంతుక్కూర్చుని, ఒక నిఘంటువు తెరిచి, అద్దాన్ని కాగితానికి దగ్గరగా, దూరంగా జరుపుతూ చాలాసేపు చూశారు. షాపతను "నేను పట్టుకుంటా సార్" అన్నాడు. "వద్దు బాబూ, నా కంటికి ఎక్కడ ఆనుతుందో నాకే తెలియాలి" అన్నారు. నాకేమో ఎండ, ఆకలి. చెయ్యి పట్టి లాగుతూనే ఉన్నాను.

ఆ మాట గుర్తొచ్చాక స్క్రిప్ట్ మీద మోజు తగ్గింది. సూర్యాస్తమయం చూసి రంగులు మార్చడానికి నేనెవర్ని? ఆప్షన్, కమాండ్, ఎఫ్5 కలిపి నొక్కితే యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్స్ ప్యానెల్ వస్తుంది. రంగులు తిప్పడం, కాంట్రాస్ట్ పెంచడం రెండూ అందులోనే. రేపు కాఫీ అయ్యాక నాన్నకి చూపిస్తాను.

పేరు లేని ఆ చెక్‌బాక్స్ సంగతి మాత్రం ఫిర్యాదు రాసి పంపాకే పడుకుంటాను.