‘తెలియదు’ అనడానికి 14 నెలలు

మా అక్క నాతో మాట్లాడడం ఒక్కసారిగా మానేయలేదు, కొద్దికొద్దిగా తగ్గించింది. ఫోన్లో మా మాటలు ఆరోగ్యం, పిల్లల చదువుల దగ్గరే ఆగిపోతున్నాయన్న సంగతి కూడా నేను గమనించలేదు. ఆమె ఉద్యోగం పోయిందని మూడు నెలల తర్వాత మరొకరి ద్వారా తెలిసినప్పుడు మాత్రం, నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. కాసేపు ఊరుకుని, ‘‘నీకు చెప్పడమంటే పరీక్ష రాసినట్టుంటుందే. నేను సగం చెప్పేసరికే తప్పెక్కడ జరిగిందో నువ్వు కనిపెట్టేస్తావు. నువ్వన్నది నిజమే అవుతుంది కూడా. ఆ రోజు నాకు నిజం అక్కర్లేదు’’ అంది.

అప్పటికి నాకు 36 ఏళ్ళు. నిద్ర పట్టక ఏడాది దాటింది. ఆ వంకతోనే ఒక క్లినికల్ సైకాలజిస్టును కలిశాను. వంక అని ఎందుకంటున్నానంటే, నా బాధకు కారణమేమిటో నేను ముందే తేల్చుకుని వెళ్ళాను: బుద్ధి మరీ చురుకైనవాళ్ళకు ఒంటరితనం తప్పదు, దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. మొదటి రోజు ఈ సిద్ధాంతాన్ని ఉదాహరణలతో సహా 40 నిమిషాలు వినిపించాను. ఆవిడ ఎక్కడా అడ్డు రాకుండా విని, ముందు ఒక పరీక్ష చేద్దామన్నారు. అంకె కోసం కాదు, మీ బుద్ధి ఎక్కడ ఎలా పనిచేస్తుందో చూడడానికి, అని కూడా చెప్పారు.

అది వెక్స్‌లర్ పరీక్ష, ఐక్యూను కొలిచే పరీక్షల్లో ఒకటి. అందులో సగటు స్కోరు 100. నూటికి ఇద్దరు మాత్రమే 130 దాటుతారు. ఇలాంటి పరీక్షలకు మూలమైనదాన్ని 1905లో పారిస్‌లో బినె, సిమోన్ అనే పరిశోధకులు తయారుచేసింది బడిలో వెనకబడి అదనపు సాయం అవసరమయ్యే పిల్లలను గుర్తించడానికి. గొప్ప చెప్పుకోవడానికి అది పనికొస్తుందని తర్వాతివాళ్ళు కనిపెట్టారు, వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

పదాలకు అర్థాలు చెప్పే భాగం ఆటలా గడిచిపోయింది. తర్వాత ఘనాలు వచ్చాయి. ఒక్కొక్క ఘనానికి కొన్ని ముఖాలు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని కోణంగా సగం ఎరుపు సగం తెలుపు. ఎదురుగా ఉన్న బొమ్మను చూసి, వాటిని పేర్చి అదే ఆకారం తీసుకురావాలి, ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. చివరి బొమ్మల్లో ఒకటి నాకు అంతుపట్టలేదు. మూలనున్న ఘనాన్ని తిప్పితే మధ్యది చెడుతోంది, మధ్యది సరిచేస్తే అంచు పోతోంది. వేళ్ళు చల్లబడ్డాయి. నా వయసులో ఉన్న మనిషి, పోయేదేమీ లేని ఒక గదిలో, తొమ్మిది రంగు ముక్కల ముందు గొంతు పూడుకుపోయి కూర్చుంది. రాదని ఒక్క మాట అంటే సరిపోయేది. గడువు ముగిసేదాకా నేను తలెత్తలేదు.

రెండు వారాల తర్వాత రిపోర్టు చేతికొచ్చింది. భాషకు సంబంధించిన భాగంలో స్కోరు చాలా ఎక్కువ, పని వేగానికి సంబంధించిన భాగంలో మామూలే. ఆ తేడా గురించి ఆవిడ వివరంగా చెప్పారు కానీ నా కళ్ళు కిందనున్న ఒక వాక్యం మీదే ఆగిపోయాయి: ‘సమాధానం తెలియని ఏ సందర్భంలోనూ ఈమె తెలియదని చెప్పలేదు, గడువు ముగిసేవరకు మౌనంగా ఉండిపోయారు.’ అంకెను ఒకసారి చూశాను, ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

అయినా నా సిద్ధాంతాన్ని అంత తేలిగ్గా వదులుకోలేదు. వారానికోసారి వెళ్ళి వాదించేదాన్ని. ఆవిడ టెర్మన్ అధ్యయనం సంగతి ఎత్తారు. లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1921లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టి, ఐక్యూ బాగా ఎక్కువగా ఉన్న 1,500 మందికి పైగా పిల్లలను దశాబ్దాల పాటు గమనిస్తే, వాళ్ళు మొత్తం మీద అందరిలాగే, కొన్ని విషయాల్లో అందరికంటే మెరుగ్గా, బతికారని తేలింది. ఆ పిల్లల్లో చాలామందిని మొదట ఎంపిక చేసింది ఉపాధ్యాయులే కదా, బడిలో ఇమడలేని పిల్లలు వాళ్ళ కంటికి ఆనేవారా అని ఎదురడిగాను. (ఆ ప్రశ్న సబబైనదేనని ఇప్పటికీ అంటాను.) న్యూయార్క్‌లో లీటా హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఐక్యూ 180 దాటిన పిల్లలను చూసి, ఇబ్బంది బాగా పై ఎత్తుల్లోనే మొదలవుతుందని చెప్పింది. 125కు, 155కు మధ్యనున్నవాళ్ళు లోకంతో బాగానే ఇమిడిపోతారనీ, అంతకంటే పైనున్న పిల్లలకు తోడు ఆడుకునేవాళ్ళు దొరకరనీ ఆమె అభిప్రాయం. సైకాలజిస్టు నవ్వి, ‘‘మీ స్కోరు ఆ మధ్యలోనే ఉంది’’ అన్నారు. నా సిద్ధాంతం నా అంకెతోనే వీగిపోయింది.

కారణం బుద్ధి కాకపోతే మరేమిటని వెతకడం అక్కడినుంచే మొదలైంది. తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లో అప్పుల గొడవలుండేవి. అక్కను అవతలి గదిలోకి పంపి, నన్ను మాత్రం ఉండనిచ్చేవారు. దానికి అన్నీ అర్థమవుతాయిలే అనేవారు. నిజమే, వడ్డీ ఎలా పెరుగుతుందో, గడువు దాటితే ఏమవుతుందో నాకు అర్థమయ్యేది. అర్థమైనదంతా రాత్రికి భయమై వచ్చేది. పెద్దవాళ్ళలా మాట్లాడే పిల్లకు గుండె మాత్రం తొమ్మిదేళ్ళదేనని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. అంతా ముందే ఊహించి పెట్టుకుంటే భయం కొంచెం తగ్గేది. ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకముందే చివరికి పరుగెత్తడం నాకు అప్పుడు అలవాటైంది.

బడిలో మెచ్చుకోళ్ళు దీనికి తోడయ్యాయి. కష్టపడ్డావని నన్ను ఎవరూ అనలేదు, తెలివైనదానివనే అన్నారు. ఈ రెండు మాటల తేడా మీద మ్యుల్లర్, డ్వెక్ అనే మనస్తత్వ పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాలు ఉన్నాయి. తెలివైనవాళ్ళని మెప్పు పొందిన పిల్లలు, కష్టమైన పజిళ్ళలో ఒకసారి దెబ్బతిన్నాక, కష్టపడ్డారని మెప్పు పొందిన పిల్లలకంటే వెనకబడ్డారు, వాళ్ళలో మూడో వంతుకు పైగా తమ మార్కులను పెంచి చెప్పుకున్నారు కూడా. ఇది విన్నప్పుడు నాకు తొమ్మిది ఘనాలు గుర్తొచ్చాయి. స్నేహాల సంగతి చెప్పేదేముంది, పరీక్షల వారం వరకు నాకు స్నేహితులకు లోటుండేది కాదు.

ఆవిడ ఇచ్చిన అభ్యాసం వినడానికి చాలా చిన్నది. ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యాక రెండు ఊపిరులు తీసి మాట్లాడాలి, రోజుకొకసారైనా నిజంగా తెలియని విషయాన్ని తెలియదని పైకి అనాలి, రెండింటినీ నోటుబుక్కులో రాయాలి. మొదటి నెల ‘తెలియదు’ గడి దాదాపు ఖాళీగానే ఉంది. ఆఫీసులో ఒక మీటింగులో ఆ మాట అనబోయి, ‘చూసి చెబుతాను’ అన్నాను. అది లెక్కలోకి రాదని ఆవిడ కొట్టేశారు. మరుసటి నెల అదే గదిలో అన్నాను. చెవులు వేడెక్కాయి. ఎవరూ తల తిప్పి చూడలేదు, పక్కనున్న ఆయన తనకు తెలిసింది చెప్పాడు, పని ముందుకు సాగింది. అంతసేపూ అవమానానికి సిద్ధపడి కూర్చున్న నాకు అది కొంత నిరాశగా కూడా అనిపించింది.

అక్క దగ్గర మాత్రం రెండు ఊపిరుల చిట్కా పారలేదు. ‘‘ఇప్పుడు లోపల లెక్కపెట్టుకుంటున్నావు కదూ?’’ అని పట్టేసింది. అవునన్నాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం కానీ, ఆ తర్వాత కూడా ఆమె నాకు పెద్దగా ఏమీ చెప్పలేదు.

నిద్ర ఆరో నెలకు కొంత దారికొచ్చింది. పదో నెల నుంచి సైకాలజిస్టును నెలకోసారే కలిశాను. పద్నాలుగో నెలలో ఒక రాత్రి అక్కే ఫోన్ చేసింది. రెండు ఉద్యోగాలు వచ్చాయట, ఒకదాంట్లో జీతం ఎక్కువ, రెండోది ఇంటికి దగ్గర. ఆమె చెబుతుండగానే నా బుర్రలో తీర్పు తయారైపోయింది, ఆ మాట దాచను. ‘‘నువ్వేమంటావు?’’ అంది. ఆ తీర్పును ఒకసారి తిప్పి చూసుకుంటే, అది నాకు ఏది నచ్చుతుందన్న లెక్కే తప్ప ఆమెకు ఏది కావాలన్నది అందులో ఎక్కడా లేదు. ‘‘తెలియదక్కా’’ అన్నాను.

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. ‘‘అయితే మొదటినుంచీ చెబుతాను, విను’’ అని మళ్ళీ అందుకుంది. ఈసారి జీతం మాట గానీ దూరం మాట గానీ ఎత్తలేదు. పాత ఆఫీసులో చివరి రోజు తన బల్ల ఖాళీ చేస్తుంటే ఎవరూ దగ్గరికి రాలేదని చెప్పడంతో మొదలుపెట్టింది.