తలసీమియా పిల్లల పేరిట ఒక విందు

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తవ్యాధి తలసీమియాతో బాధపడుతున్న పిల్లల చికిత్సకు నిధులు సేకరించడానికని హైదరాబాదులోని ఒక పెద్ద హోటల్లో గత మే నెలలో ఏర్పాటు చేసిన విందుకు వెళ్లి, మనసు కష్టపెట్టుకుని తిరిగి వచ్చాను. పాస్ ధర మనిషికి 2,500 రూపాయలు. కార్యక్రమం సాయంత్రం ఆరున్నరకని ఆహ్వానపత్రికలో ఉన్నా, ముఖ్య అతిథి రాక కోసం ఆగి, ఎనిమిది దాటాక గానీ జ్యోతి వెలిగించలేదు. మైకు మాటిమాటికీ ఆగిపోయింది, కుర్చీలు చాలక కొందరు పెద్దవాళ్లు గోడవారగా నిలబడే ఉన్నారు. ఇలాంటి లోపాలు ఏ సభలోనైనా జరిగేవే కనుక వాటి గురించి ఎక్కువ చెప్పను.

నా పక్క కుర్చీలో ఖమ్మం నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకుతో కూర్చుని ఉంది. ఆ పూట వేదిక మీద మాట్లాడమని నిర్వాహకులు ఆమెను ముందే అడిగారట. "మాట్లాడాలన్నారు మేడం, తడబడతానేమోనని రాసుకొచ్చాను. పొద్దున బాబుకు రక్తం ఎక్కించి అట్నుంచటే వచ్చేశాం" అని, నోటుబుక్కులోంచి చింపిన రెండు కాగితాలు నాకు చూపించింది. శాలువాలు, జ్ఞాపికలు, దాతల ప్రసంగాలు, వాటి తర్వాత పాటలు ఒకదాని వెంట ఒకటి సాగుతూనే ఉన్నాయి. పిల్లలు వేసిన బొమ్మలను వేలం వేసినప్పుడు కూడా, ఏ బొమ్మ ఎవరు వేశారో చెప్పాలని ఎవరికీ తోచలేదు. చివరికి సమయం లేదంటూ యాంకర్ అందరినీ భోజనాలకు పిలిచేసరికి, ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లవాణ్ని భుజాన వేసుకుంది.

ఆ కాగితాల్లో ఉన్నదే ఆ సాయంత్రం అందరూ వినవలసిన విషయం. ఆ బాబుకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పెరిగే ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా రోజూ మాత్రలు వేయాలి. వేసవిలో కాలేజీలకు సెలవులిస్తే రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి కాబట్టి, సరిగ్గా ఈ నెలల్లోనే రక్తం కోసం తిరగవలసి వస్తుందని ఆమె రాసుకుంది. రక్తం ఇవ్వగలిగిన ఆరోగ్యవంతులు అంతమంది ఒకే హాలులో ఉన్నప్పుడు, గుమ్మం దగ్గర ఒక బల్ల వేసి దాతల పేర్లు, బ్లడ్ గ్రూపులు రాసుకోవడానికి ఖర్చేమీ కాదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఒంట్లో ఉన్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందనీ, పెళ్లికి ముందే హెచ్‌బిఎ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే వాహకులో కాదో తెలుస్తుందనీ వేదిక మీద నుంచి ఒక్కరైనా చెప్పి ఉండవలసింది. పెళ్లీడు పిల్లలున్న కుటుంబాలు ఆ హాలులో చాలానే ఉన్నాయి.

డబ్బు విషయం మరీ అన్యాయంగా నడిచింది. విరాళాల కోసం స్తంభానికి అంటించిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఫోనులో సంస్థ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. రసీదు అడిగితే పుస్తకం అయిపోయింది, వాట్సాప్‌లో పంపుతామన్నారు. విరాళానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు ఉందని ఆహ్వానపత్రికలో అచ్చువేసి కూడా ఎవరి పాన్ నంబరూ అడగలేదు. దాతను గుర్తించే నంబరేదీ తీసుకోకుండా, ఆ మినహాయింపుకు కావలసిన ధ్రువపత్రం దాతకు ఎలా ఇస్తారు? నగదుగా ఇచ్చిన విరాళం 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు వర్తించదని చెప్పకుండానే కవర్లలో నగదు తీసుకున్నారు. ఎంత వసూలైందో ఆ రాత్రి ప్రకటించలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

హోటల్లో సభ పెట్టడమే తప్పని నేను అనను. పెద్ద మొత్తాలు ఇచ్చేవారిని ఒకచోట చేర్చడానికి అది పనికొస్తుంది. అయితే హాలు అద్దె, భోజనాలు, పాటల బృందం ఖర్చు పోను పిల్లలకు చేరేది ఎంతో దాతకు తెలియాలి. అందుకే నిర్వాహకులకు ఉత్తరం రాశాను. మొత్తం వసూళ్లు, హోటల్‌కు కట్టిన బిల్లు, మిగిలిన డబ్బు ఏ ఆసుపత్రికి ఏ తేదీన చెల్లించారన్న వివరాలు అడిగాను. ఆ క్యూఆర్ కోడ్ ఖాతా ఎవరిదో కూడా అడిగాను. ఆడిట్ అయ్యాక చెబుతామని ఫోనులో అన్నారు. ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమని మళ్లీ రాశాను, ఇంకా జవాబు రాలేదు.