పేగులోకి పేగు

నాకు బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి వచ్చేది. కాసేపు చంపుకుతిని, దానంతట అదే పోయేది. తిన్నది వాంతి అయితే తేలికపడేది. నెలల తరబడి ఇదే వరస. కందుకూరులో చూపించుకుంటే గ్యాస్ అన్నారు. ఒంగోలులో ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్ చేయించుకుంటే ఏమీ లేదన్నారు. నొప్పి లేని రోజున తీసిన స్కాన్‌లో ఈ జబ్బు కనిపించకపోవచ్చు. పేగులోకి పేగు దూరి చిక్కుకుంటుంది, మళ్ళీ దానంతట అదే విడిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

పొగాకు వేలం కేంద్రంలో మా బేళ్ళ వంతు కోసం నిలబడి ఉండగా వచ్చిన నొప్పి మాత్రం తగ్గలేదు. ఇల్లు చేరేసరికి పొట్ట ఉబ్బింది, పసరు వాంతులు పట్టుకున్నాయి, గాలి కూడా పోవడం లేదు. అమ్మ ఆముదం సీసా తీసింది. "వద్దు అత్తయ్యా, ముందు డాక్టరుకు చూపిద్దాం" అని నా భార్య అడ్డుపడి కారు మాట్లాడింది. పేగు మూసుకుపోయినప్పుడు విరేచనాల మందు వేస్తే ప్రాణం మీదికి వస్తుందట. నెల్లూరులో సర్జన్ ఆ మాట చెప్పగానే అమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ సర్జన్ పాత కాగితాలు పక్కన పెట్టి, ముందు పొట్ట మీద చెయ్యి వేశారు. కుడివైపు ఒకచోట వేళ్ళు ఆగాయి. "ఇక్కడ గడ్డలా తగులుతోంది. నొప్పి ఉండగానే సీటీ స్కాన్ తీయాలి" అన్నారు. ఫిల్ములో వలయం లోపల మరో వలయం. చొక్కా చెయ్యి లోపలికి మడుచుకుపోయినట్టు, చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి చొచ్చుకుపోయింది. దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. ఎక్కువగా పసిపిల్లలకు వస్తుంది. మొత్తం కేసుల్లో పెద్దవాళ్ళవి నూటికి 5 దాకా ఉంటాయి. పిల్లలకైతే చాలావరకు మలద్వారం గుండా గాలి ఎక్కించి పేగును వెనక్కి నెడతారు. పెద్దవాళ్ళలో సాధారణంగా పేగులో ఏదో ఒక గడ్డ ఉంటుంది, పేగు కదలిక దాన్ని ముందుకు లాక్కుపోతుంది. అది క్యాన్సరైనా కావచ్చు కాబట్టి ఆపరేషనే మార్గం. ఆలస్యమైతే రక్తం అందక పేగు కుళ్ళిపోతుంది.

ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. దెబ్బతిన్న భాగాన్ని గడ్డతో సహా తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు.

తర్వాత అసలు కష్టం దాహం. ముక్కులో గొట్టం, మంచం పక్కన వేలాడే సంచిలో ఆకుపచ్చ పసరు. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకూడదన్నారు. నా భార్య దూది తడిపి పెదవులకు అద్దేది. సర్జన్ వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: "గాలి పోయిందా?" పేగు మళ్ళీ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు అదేనట. పోయిందని చెప్పిన పొద్దున గొట్టం తీసి చెంచాతో కొబ్బరినీళ్ళు పట్టారు. ఆ తర్వాత గంజి, మెత్తటి ఇడ్లీ.

బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. లైపోమా అని వచ్చింది. ఒట్టి కొవ్వు గడ్డ, క్యాన్సర్ కాదు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆపరేషన్ అయిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుని పేగు మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఉంటుందని, నొప్పితో పాటు వాంతులైతే వెంటనే రమ్మని సర్జన్ చెప్పారు. అందుకే సీటీ ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు ఒకే కవరులో పెట్టాను. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.