గ్వామ్‌కు మారాక నా ఓటు ఏమైంది

ఇల్లినాయ్‌లో ఉంటూ అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఉద్యోగరీత్యా పసిఫిక్‌లోని గ్వామ్ దీవికి మారాను. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా చేతికి వచ్చిన ఈ దీవి ప్రజలకు 1950లో పౌరసత్వం లభించినా, రాజ్యాంగం అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లను రాష్ట్రాలకే, 1961 సవరణ తర్వాత రాజధాని వాషింగ్టన్‌కూ ఇచ్చింది కనుక, ఇక్కడివారికి అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. అది తెలిసే వచ్చాను. అయితే విదేశాల్లోని పౌరులు తాము చివరగా నివసించిన రాష్ట్రంలో ఓటు వేయడానికి 1986 నాటి చట్టం వీలు కల్పిస్తుంది గదా అని బ్యాలెట్ కోరుతూ పంపే ఫెడరల్ పోస్ట్‌కార్డు దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను.

సైన్యంలో ఉన్నారా, దేశం బయట ఉండి తిరిగి రాదలచారా, వస్తారో రారో తేల్చుకోలేదా అని అడిగే గడుల్లో ఏదీ నాకు వర్తించలేదు. ఆ చట్టం లెక్కలో గ్వామ్ దేశం లోపలిదే. ఇల్లినాయ్‌లోని ఎన్నికల కార్యాలయానికి రాసి అడిగితే వారూ అదే చెప్పారు. తాత్కాలికంగా వచ్చి, శాశ్వత నివాసం అక్కడే ఉంచుకున్నవారైతే మామూలు పోస్టల్ బ్యాలెట్ కోరవచ్చు. నేను కాపురమే ఇక్కడికి మార్చుకున్నాను.

అమెరికా పౌరుడే అయిన మా బావమరిది హైదరాబాద్‌లో స్థిరపడి, ఇల్లినాయ్ బ్యాలెట్‌ను ఈమెయిల్‌లో తెప్పించుకున్నాడు. ఇక్కడి వైమానిక స్థావరంలో పనిచేసే సైనికులకూ సొంత రాష్ట్రం ఓటు ఉంటుంది. ఇంకా విడ్డూరం, గ్వామ్‌కు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని సైపాన్‌ దీవి కూడా అమెరికాదే అయినా, ‘దేశం లోపల’ అంటే ఏమిటో చెప్పే ఆ చట్టం నిర్వచనంలో లేదు. నేను అక్కడ దిగి ఉంటే ఓటు నిలిచేది. ఈ తేడా అన్యాయమని ఇల్లినాయ్ నుంచి దీవులకు వచ్చిన కొందరు వేసిన దావాను ఫెడరల్ అప్పీలు కోర్టు 2018లో తోసిపుచ్చింది, సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. అందుకని నేను కోర్టు ఆలోచన పెట్టుకోలేదు.

గ్వామ్‌లోనే ఓటరుగా నమోదయ్యాను. ఆ పని ఇట్టే అయిపోయింది. నవంబరు బ్యాలెట్‌లో పదిహేను మంది సభ్యుల స్థానిక శాసనసభకూ, వాషింగ్టన్‌లో చర్చల్లో పాల్గొన్నా బిల్లుల తుది ఆమోదంలో ఓటు లేని ప్రతినిధి పదవికీ ఓటు వేశాను. దానితోపాటు, 1980 నుంచీ ఇక్కడ ఆనవాయితీగా నిర్వహిస్తున్న నమూనా అధ్యక్ష పోలింగులోనూ గుర్తు పెట్టాను. గ్వామ్ గడియారం షికాగో కంటే నవంబరులో పదహారు గంటలు ముందుంటుంది కాబట్టి ఆ ఫలితాన్ని టీవీలవాళ్లు ప్రధాన భూభాగంలో పోలింగు ముగియకముందే చూపిస్తారు. ఎలక్టర్ల లెక్కలోకి మాత్రం అది రాదు.