ఎడమ రెక్క: ముందు బల్ల, తర్వాతే రివెట్లు

నేను సొంతంగా కట్టుకుంటున్న విమానానికి ఇప్పుడు ఎడమ రెక్క చేస్తున్నాను. ఈ రెండు వారాల్లో ఎక్కువ టైమ్ పనిబల్లకే పోయింది. పోయినా నాకు బాధ లేదు. రెక్క కొంచెం మెలి తిరిగినా విమానం ఒక పక్కకు ఒరుగుతూనే ఉంటుంది, పైరేకు రివెట్లతో బిగించేశాక ఆ మెలి తీయడం కుదరదు.

వానలకు ప్లైవుడ్ బల్ల ఒక మూల ఉబ్బింది. కంటికి తెలియలేదు. నా స్పిరిట్ లెవెల్ రెండడుగులది, బల్ల పన్నెండడుగులది, అందుకని దానికీ దొరకలేదు. మా మావయ్య తాపీ మేస్త్రి. ఆమదాలవలసలో మా షెడ్డుకి వచ్చి ఒకసారి చూశారు. "ఏటల్లుడూ, మట్టం చూడకుండానే గోడ లేపుతావేటి?" అని, తన నీళ్ల ట్యూబు తెచ్చారు. లోపల ఒక్క బుడగ కూడా లేకుండా నింపి ఆరు చోట్ల కొలిస్తే, ఆ మూల 4 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి అర మిల్లీమీటరు లోపుకి తెచ్చాం.

ఆ తర్వాత రెక్క మొదట్లో ఒకటి, చివర ఒకటి, స్పార్ల (రెక్క పొడవునా ఉండే దూలాల) మీద అడ్డంగా రెండు తిన్నటి అల్యూమినియం బద్దలు పెట్టాను. రెండు చోట్లా రిబ్బుల (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ పక్కటెముకల) కొలత ఒకటే, మా ప్లానులో మెలి లేదు. కాబట్టి ఒక కొస నుంచి ఒంటి కన్నుతో చూస్తే రెండు బద్దల అంచులూ ఒకే గీతలో కలవాలి. తలుపు చెక్క వంకర చూడటానికి వడ్రంగులు చేసేది ఇదే. మొదటిరోజు కలవలేదు, బల్ల సర్దాక కలిశాయి. ఆ క్షణం మావయ్యని కూడా పిలిచి చూపించాను.

రేకులన్నీ 6061-టీ6 అనే రకం అల్యూమినియం. రివెట్టు 3.2 మి.మీ. ముందు 2.5తో చిన్న రంధ్రం, తర్వాత ముప్పై నంబరు బిట్టు, అంటే 3.26 మి.మీ. రివెట్టు వేసేదాకా రేకుల్ని పట్టి ఉంచే తాత్కాలిక పిన్నులు, రాగి రంగు క్లీకోలతో బిగిస్తూ పోతున్నాను. రంధ్రం మధ్య నుంచి అంచుకి రివెట్టు మందానికి రెండింతలైనా, అంటే 6.4 మి.మీ. ఉండాలి, నేను 8 పెట్టుకుంటున్నాను. ఒక రిబ్బు మీద చెయ్యి జారి 5 మి.మీ. దగ్గరే పడింది. అంచుకి అంత దగ్గర రంధ్రం ఉంటే చీలిక అక్కడే మొదలవుతుంది. ఆ రిబ్బు పక్కన పెట్టి, ఇంకోటి మడత పెట్టాను. ఒక పూట పని.

రేకు మీద పెన్సిలు గీతలు వద్దు. అందులోని గ్రాఫైటు వల్ల తేమ తగిలినచోట అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. సముద్రం గాలి తగిలే మా జిల్లాలో ఇది మరీ ముఖ్యం. మార్కర్ పెన్నే వాడుతున్నాను. రంధ్రాల అంచులు నున్నగా చేసి, రేకులు కలిసేచోట ప్రైమర్ పూసి, ఆరాకే బిగిస్తాను.

బల్ల తర్వాత టెన్షన్ పెట్టింది ఎండ. పొద్దున్న క్లీకోలతో తిన్నగా కూర్చున్న పైరేకు, మధ్యాహ్నం షట్టర్ నుంచి ఎండ పడగానే రిబ్బుల మధ్య పొంగింది. బొటనవేలితో నొక్కితే 'టప్' అని లోపలికి పోయి, వదిలితే మళ్లీ పైకి వచ్చేది. లెక్క వేశాను: మూడున్నర మీటర్ల అల్యూమినియం 15 డిగ్రీలు వేడెక్కితే ఒకటింబావు మిల్లీమీటరు దాకా సాగుతుంది. నీడలో ఉన్న స్పార్ మాత్రం సాగలేదు. సాయంత్రానికి రేకు మామూలుగా సర్దుకుంది. అందుకే ఇప్పుడు రేకు, స్పార్ రెండూ రాత్రంతా షెడ్డులోనే ఉంచి, పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపే రంధ్రాలు వేస్తున్నాను. పని నెమ్మదిస్తోంది, కానీ రేకు మాట వింటోంది.

ఎగరాలంటే డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి కావాలి కాబట్టి, మూసుకుపోయే ప్రతి భాగానికీ ముందే ఫొటోలు తీసి తేదీ రాసి ఉంచుతున్నాను.

ఇప్పటికి పైరేకు మీద 180 క్లీకోలు ఉన్నాయి. రేపు పొద్దున్న బద్దలు పెట్టి ఇంకోసారి చూస్తాను. గీతలు కలిస్తేనే పైరేకుకి మొదటి రివెట్టు.